చెమటకు రంగు వదిలిన గిటారు

రాక్ గిటారిస్టు పోయాడంటే జనానికి తట్టే కథలు నాలుగైదే. మత్తుమందు ఎక్కువై హోటల్ గదిలో తెల్లారడం, విమానం కూలడం, ఇరవై ఏడేళ్ళకే వెళ్ళిపోయి గోడ మీద పోస్టరుగా మిగలడం. రోరీ గాలహర్ చావు వీటిలో దేనిలోనూ ఇమడదు. 1995 జూన్ 14న లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో, 47 ఏళ్ళ వయసులో పోయాడు. కాలేయం మార్చారు. ఐసీయూలో పదమూడు వారాలు గడిచాయి. గండం గట్టెక్కింది, ఇక కోలుకునే చోటికి పంపిద్దాం అనుకుంటున్న సమయంలో మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే సూక్ష్మజీవి సోకింది. అంతే. పత్రికలు చప్పరించడానికి రచ్చ లేదు, కోర్టు గొడవ లేదు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. మిగిలింది తమ్ముడు డోనల్, ఒక పాత గిటారు, ఐరోపా నుంచి జపాన్ దాకా పరుచుకున్న అభిమానులు. వాళ్ళలో చాలామందికి ఆయన ఆసుపత్రిలో ఉన్న సంగతే తెలియదు. జబ్బు కబురూ చావు కబురూ ఒకేసారి అందాయి.

ఆయనది ఐర్లండ్. 1948 మార్చి 2న డోనెగాల్ ప్రాంతంలోని బాలిషానన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కొన్నాళ్ళు డెర్రీలో ఉన్నారు. ఆ తర్వాత తల్లి మోనికా ఇద్దరు కొడుకులనూ తీసుకుని కార్క్ నగరం చేరింది. అమెరికన్ సైనికుల కోసం నడిచే రేడియోలో బ్లూస్ పాటలు విని పిల్లవాడికి పిచ్చి పట్టింది. 1963లో, పదిహేనేళ్ళప్పుడు, కార్క్‌లో క్రౌలీ వాళ్ళ సంగీత వాయిద్యాల కొట్లో ఒక సెకండ్ హ్యాండ్ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కనపడింది. 1961లో తయారైంది. అంతకు ముందు దాన్ని తెప్పించుకున్నది రాయల్ షోబ్యాండ్‌లో వాయించే జిమ్ కాన్లన్. ఆయన ఎర్రది కావాలని రాస్తే నిప్పురంగు అంచుల్లో నల్లబడే సన్‌బర్స్ట్ వచ్చింది. ఎర్రది చేతికందాక దీన్ని అమ్మకానికి పెట్టేశాడు. ధర వంద పౌండ్లు. ఆ ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కుర్రవాడు తల్లికి లెక్క చెప్పాడు: ఇది ఉంటే తాళం వాయించేదీ నేనే, స్వరం వాయించేదీ నేనే, పక్కన ఇంకో గిటారిస్టుకు డబ్బివ్వక్కర్లేదు కదా అని. వాయిదాల మీద కొన్నారు. ఎర్ర గిటారు కోసం పట్టుబట్టిన ఆ కాన్లన్‌కి బ్లూస్ అభిమానులు ఎంత రుణపడి ఉన్నారో ఎవరూ లెక్క వేయలేదు.

షోబ్యాండ్లంటే అప్పటి ఐర్లండ్‌లో డాన్సు హాళ్ళలో హిట్ పాటలు వాయించే బృందాలు. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ జాతరలకూ తిరిగే ఆర్కెస్ట్రాల్లాంటివే. స్కూలు చదువు ముగియకముందే రోరీ అలాంటి ఒకదానిలో చేరాడు. ఆ రోజుల్లోనే డబ్లిన్‌లో వ్యానులోంచి గిటారు పోయింది. టీవీలో పోలీసుల కార్యక్రమంలో దాని గురించి చెప్పారు. కొన్ని రోజులకు ఒక గుంటలో దొరికింది, వానకు నానిపోయి. ఇక దీన్ని జన్మలో వదలను అనుకున్నాడు, అన్న మాట నిలబెట్టుకున్నాడు. తర్వాతి కథంతా ఆ చెక్క మీదే రాసి ఉంది. నెలల తరబడి రాత్రి తర్వాత రాత్రి వాయిస్తుంటే చెమట ధారగా కారి, వార్నిష్ మెత్తబడి, పెచ్చులు పెచ్చులుగా రాలింది. ముందు అంచులు, తర్వాత మోచెయ్యి ఆనేచోటు, చివరికి ముఖమంతా పచ్చి చెక్క తేలింది. ఆయన చెమటలో ఆమ్లం ఎక్కువనీ, అరుదైన రక్తపు గ్రూపనీ అభిమానులు రకరకాలుగా చెప్పుకుంటారు. రోజుకు రెండు గంటలకు పైగా స్టేజీ మీద గెంతేవాడికి మామూలు చెమట చాలదా అని నా అనుమానం.

ఇలాంటిదే ఇంకో కథ తిరుగుతుంటుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప గిటారిస్టుగా ఉండటం ఎలా ఉంటుందని హెండ్రిక్స్‌ని అడిగితే, రోరీని అడగండి అన్నాడట. హెండ్రిక్స్ ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆనవాలు లేదు. క్వీన్ బృందపు గిటారిస్టు బ్రయాన్ మే చెప్పే కథ మాత్రం నమ్మదగ్గది, చెప్పింది తన గురించే కాబట్టి. క్వీన్ ఇంకా పుట్టని రోజుల్లో లండన్ మార్కీ క్లబ్బులో రోరీ కచేరీ అయ్యాక, మే, ఆయన స్నేహితుడూ వెళ్ళకుండా లోపలే నక్కి ఉన్నారు. రోరీ సామాను సర్దుకుంటుంటే దగ్గరకెళ్ళి, ఆ నాదం ఎలా వస్తుందని అడిగారు. ఆయన కసరలేదు, దాచలేదు. వాక్స్ ఏసీ30 యాంప్లిఫయర్, దాని ముందు చిన్న ట్రెబుల్ బూస్టర్ పెట్టె, అంతే అని చూపించాడు. మే వెళ్ళి అవే కొనుక్కున్నాడు. క్వీన్ పాటల్లో మనం వినే గిటారు ఆ సమాధానంలోంచి పుట్టిందే.

టేస్ట్ అనే ముగ్గురి బృందంతో 1970లో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో లక్షల మంది ముందు వాయించాడు. కొన్ని నెలలకే డబ్బు దగ్గరా మేనేజరు దగ్గరా చెడి, బృందం విరిగింది. ఆ తర్వాత జీవితమంతా సొంత పేరు మీదే నడిచింది. 1972 వచ్చేసరికి మెలొడీ మేకర్ పత్రిక పాఠకులు ఆయన్ను ప్రపంచ స్థాయి గిటారిస్టుగా ఎన్నుకున్నారు.

ఐర్లండ్ వాళ్ళు ఇప్పటికీ ఆయన పేరెత్తితే గొంతు మారేది ఆ బహుమతుల వల్ల కాదు, బెల్‌ఫాస్ట్ వల్ల. డెబ్బైల్లో ఉత్తర ఐర్లండ్ రగులుతోంది. కాథలిక్కులు ఒక వీధి, ప్రొటెస్టెంట్లు ఇంకో వీధి, మధ్యలో సైన్యం. పేరున్న బృందాలు బెల్‌ఫాస్ట్ పేరు వింటేనే ప్రయాణం రద్దు చేసుకునేవి. రోరీ మాత్రం దాదాపు ఏటా, కొత్త సంవత్సరం చుట్టుపక్కల, అల్స్టర్ హాల్‌కు వచ్చేవాడు. 1972 మొదట్లో ఆయన వాయించిన సమయానికి నగరంలో బాంబులు పేలుతూనే ఉన్నాయి. అయినా కుర్రాళ్ళు వచ్చారు. పగలు ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టలేని వాళ్ళు ఆ హాల్లో భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఆయన వేదిక మీద రాజకీయం మాట్లాడలేదు. రావడమే చేశాడు. అప్పటి పదిహేడేళ్ళ పిల్లవాడికి అది ఎంత పెద్ద మాటో బయటివాళ్ళకు అర్థం కాదు.

1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ కచేరీలను రికార్డు చేసి, 'ఐరిష్ టూర్ 74' పేరుతో విడుదల చేశారు. టోనీ పామర్ సినిమా కూడా తీశాడు. కొత్తవాళ్ళు ఆయన దగ్గరకు వెళ్ళాలంటే ఇదే దారి. అందులో 'ఎ మిలియన్ మైల్స్ అవే' వినండి. సముద్రపు ఒడ్డున సారాకొట్లో, చుట్టూ జనం సందడిగా ఉండగా, మనసు ఎక్కడో ఉన్న ఒంటరివాడి పాట అది. మధ్యలో ఆయన కాలితో ఏ పెడలూ తొక్కడు. గిటారు మీది గుండీని చిటికెనవేలితో తిప్పుతూ నాదాన్ని దాదాపు గుసగుసకు దించి, మళ్ళీ మెల్లగా పైకి లేపుతాడు. హాలంతా నోరు మూసుకుని ఆ వేలి వెంట నడుస్తుంది. చుట్టూ వేలమంది ఉండగా ఒంటరిగా ఉండటమెలాగో ఆయన అప్పటికే బాగా ఎరిగినవాడని ఈ పాట విన్న ప్రతిసారీ అనిపిస్తుంది.

లొంగని మనిషి. రికార్డు కంపెనీ సింగిల్ విడుదల చేద్దామంటే ఒప్పుకునేవాడు కాదు, హిట్ల పట్టీలు తన పని కాదనేవాడు. గిటారిస్టు మిక్ టేలర్ వెళ్ళిపోయాక, 1975 మొదట్లో రోలింగ్ స్టోన్స్ ఆయన్ను రాటర్‌డామ్‌కు పిలిచి, కలిసి వాయించి చూశారు. కొన్ని రాత్రులు గడిచాయి. తేల్చి చెప్పాల్సిన కీత్ రిచర్డ్స్ మత్తునిద్రలో ఉన్నాడనీ, రోరీ కాసేపు చూసి, జపాన్‌లో తన కచేరీలకు టైమవుతోందని గిటారు, యాంప్లిఫయర్ పట్టుకుని విమానానికి వెళ్ళిపోయాడనీ డోనల్ చెబుతాడు. జపాన్‌లో టికెట్లు కొన్నవాళ్ళను నిరాశపరచడం ఆయన వల్ల కాలేదు. 1978లో శాన్ ఫ్రాన్సిస్కోలో నెలలు కూర్చుని చేసిన ఆల్బమ్ మొత్తాన్ని, నచ్చలేదని, చెత్తబుట్టలో పడేశాడు. ఆ ఊళ్ళోనే పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ ఆఖరి కచేరీ చూసొచ్చాడు. ఆ రోజుల్లోనే టాక్సీ తలుపులో బొటనవేలు నలిగింది. పారేసిన ఆ పాటలు ఆయన పోయిన పదహారేళ్ళకు, 2011లో బయటికొచ్చాయి. వింటే పారేయదగ్గవిగా అనిపించవు.

పతనం అని చెప్పుకోవడానికి ఒక రోజు లేదు, ఒక సంఘటన లేదు. ఎనభైల్లో కాలం మారింది. సింథసైజర్లు, వీడియోలు, ముస్తాబులు వచ్చాయి. గళ్ళ చొక్కా, జీన్స్ వేసుకుని రెండు గంటలు చెమటోడ్చే మనిషి పాతబడిపోయాడు. 1982లో 'జింక్స్' తర్వాత 'డిఫెండర్' రావడానికి అయిదేళ్ళు పట్టింది. కచేరీలు మాత్రం ఆగలేదు. ఊళ్ళు తిరగాలంటే విమానం ఎక్కాలి. విమానమంటే ఆయనకు భయం పట్టుకుంది, ఏటేటా పెరిగింది. భయానికి డాక్టర్లు మాత్రలు రాశారు. తాగుడు ఉండనే ఉంది. మాత్రలూ మందూ కలిసి కాలేయాన్ని తినేశాయి. చివరి ఏళ్ళలో ముఖం ఉబ్బింది, ఒళ్ళు వచ్చింది. పాత ఫొటోలు చూసి వచ్చిన వాళ్ళు వేదిక మీది మనిషిని చూసి ఉలిక్కిపడేవాళ్ళు. ఇరవై ఏళ్ళు పక్కన బాస్ వాయించిన జెరీ మెకవోయ్ 1991లో విడిపోయాడు. లండన్‌లో సొంత ఇంటికంటే చెల్సీ హార్బర్ హోటల్ గదే ఇల్లయింది. డాషియల్ హామెట్ డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. వాటిలో వేషాలు మార్చి, హోటళ్ళు మార్చి, ఎవరికీ చెందకుండా తిరిగే మనుషులు ఆయన పాటల్లోకి కూడా వచ్చారు.

అభిమానుల దుఃఖంలో ఒక చేదు ఉన్నది ఇక్కడే. రద్దు చెయ్యడు, తగ్గించడు, వచ్చినవాళ్ళకు పూర్తిగా ఇచ్చి పంపుతాడు అని ఏ గుణాన్ని మెచ్చుకుంటూ టికెట్ కొన్నారో, ఆ గుణమే ఆయన్ను విమానాల వెంటా మాత్రల వెంటా తిప్పింది. ఈ ఏడాది ఆగు, ఇంటి పట్టున ఉండు అని చెప్పగల భార్యో బిడ్డో లేరు. వేదిక కింద ఉన్నవాళ్ళు ఆగమని ఎందుకంటారు? ఇంకొకటి అని అరుస్తారు. 1995 జనవరిలో నెదర్లాండ్స్‌లో ఆఖరిసారి వాయించాడు. ఆ రాత్రి కూడా ఇంకొకటి అని అరిచే ఉంటారు.

అంత్యక్రియలు కార్క్‌లో జరిగాయి. వీధుల వెంట వేలమంది నిలబడ్డారు. బాలిన్‌కాలిగ్ దగ్గర సెయింట్ ఆలివర్ శ్మశానంలో పూడ్చారు. సమాధి మీది రాయి సూర్యకిరణాల్లా విచ్చుకుని ఉంటుంది. 1972లో అందుకున్న గిటారిస్టు బహుమతి ఆకారం అది. రెండేళ్ళకు నగరం నడిబొడ్డున ఒక కూడలికి రోరీ గాలహర్ ప్లేస్ అని పేరు పెట్టి, మెలితిరిగిన గిటారు శిల్పం నిలబెట్టారు. పారిస్ శివార్లలో రిస్ ఒరాంజిస్ అనే ఊళ్ళో ఒక వీధికి ఆయన పేరుంది. బాలిషానన్‌లో విగ్రహం 2010లో వచ్చింది. అక్కడ ఏటా జరిగే స్మారక ఉత్సవానికి దేశదేశాల నుంచి గళ్ళ చొక్కాలు దిగుతాయి. బెల్‌ఫాస్ట్ మాత్రం ఆలస్యం చేసింది. అల్స్టర్ హాల్ బయట ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించింది 2025 జనవరిలో. ఆ హాల్లో భుజాలు రాసుకున్న కుర్రాళ్ళు అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డారు.

గిటారు సంగతి వేరు. 1997లో ఫెండర్ కంపెనీ దాని నకళ్ళు తయారు చేసి అమ్మింది. కొత్త గిటారుకు రంగు వేసి, ఆయన గిటారులో ఎక్కడెక్కడ ఊడిందో అక్కడక్కడే గీకేసి మరీ. ముప్ఫై ఏళ్ళ చెమట ఫ్యాక్టరీలో ఒక పూట పని అయింది. దాన్ని కొనేవాళ్ళను తప్పుపట్టలేను గాని, చూస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అసలుది డోనల్ దగ్గరే ఉండేది. 2024 అక్టోబరులో లండన్ బోన్‌హామ్స్‌లో వేలానికి వచ్చింది. విదేశీ కోటీశ్వరుడి గాజుపెట్టెలోకి పోతుందేమోనని ఐర్లండ్‌లో అభిమానులు కలవరపడ్డారు, ప్రభుత్వమే కొనాలన్నారు. చివరికి 8,89,400 పౌండ్లకు కచేరీల నిర్వాహకుడు డెనిస్ డెస్మండ్ కొని, ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేశాడు. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. కొందరికి మాత్రం సగం తృప్తే. రోజూ వాయించడం వల్లే అలా తయారైన చెక్కను ఎవరూ ముట్టకుండా పెడితే ఎలా అని వాళ్ళ వాదన. మ్యూజియం వాళ్ళ కష్టం వాళ్ళది, ముట్టనిస్తే ఇంకేం మిగలదు.

మెకవోయ్ మాత్రం ముట్టుకోవాల్సిన వాటిని ముట్టుకుంటూనే ఉన్నాడు. బ్యాండ్ ఆఫ్ ఫ్రెండ్స్ పేరుతో బృందం కట్టి, ఆ పాటలనే ఊరూరా వాయించాడు. పక్కన నిలబడే గిటారిస్టులు మారారు. బాస్ వాయించేది మాత్రం 1971లో రోరీ మొదటి సొంత ఆల్బమ్‌లో వాయించిన ఆ చెయ్యే. 'షాడో ప్లే' మొదలవగానే ముందు వరసలో తల నెరసినవాళ్ళు కేకలేస్తారు, వాళ్ళ పక్కన పాటలన్నీ కంఠతా వచ్చిన పిల్లలు ఎగురుతుంటారు. వాళ్ళలో చాలామంది 1995 తర్వాత పుట్టినవాళ్ళే.