విశాఖ కౌంటర్లో ఢిల్లీ బెర్తు

1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక విశాఖకు ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగులు వచ్చి చేరారు. సెలవు పెట్టి ఊరికి వెళ్లాలి, డ్యూటీ నాటికి తిరిగి రావాలి. వెళ్లడానికి బెర్తు ఇక్కడే తీసుకోవచ్చు. చిక్కల్లా తిరుగు ప్రయాణంతోనే.

అప్పట్లో రైలుకొక రిజిస్టరు. అది ఏ కౌంటర్లో ఉంటే అక్కడే లైను కట్టాలి. ఢిల్లీలో బయల్దేరే రైలు రిజిస్టరు ఢిల్లీలోనే ఉంటుంది కాబట్టి ఇక్కడి నుంచి టెలిగ్రాం కొట్టాలి. జవాబు రాకపోతే, ఢిల్లీలో రైలు దిగిన మనిషి ముందు రిజర్వేషన్ ఆఫీసుకే పరిగెత్తేవాడు.

1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ తయారుచేసిన ఆ ప్రోగ్రాం పేరు ఇంప్రెస్. తర్వాత ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదుల్లోనూ కేంద్రాలు వెలిశాయి. ఏ కౌంటర్లోనైనా ఏ రైలుకైనా టికెట్ ఇచ్చేవారు, కానీ ఆ కేంద్రం పరిధిలో ఉన్న రైళ్లకే. ఒక కేంద్రం గోడు ఇంకో కేంద్రానికి పట్టదు.

నన్నడిగితే, కంప్యూటర్లు పెట్టడం కన్నా వాటిని కలపడమే గొప్ప పని. రైల్వే సొంత సంస్థ క్రిస్ 'కాన్సర్ట్' అనే కొత్త ప్రోగ్రాం రాసింది. 1994 సెప్టెంబరులో అది తొలిసారి నడిచింది మన సికింద్రాబాదులోనే. రిజిస్టర్లన్నిటినీ ఒకేచోట కుప్ప పోయలేదు. ఏ రైలు లెక్క ఆ రైలు కేంద్రంలోనే ఉంటుంది. విశాఖలో అడిగిన బెర్తు కోసం ప్రశ్న అక్కడిదాకా వెళ్లి జవాబుతో తిరిగొస్తుంది, టికెట్ ఇక్కడ అచ్చవుతుంది. ఒకే క్షణాన విశాఖలో ఒకరు, ఢిల్లీలో ఒకరు అదే కింది బెర్తు అడిగారనుకోండి. ముందు చేరిన ప్రశ్న కోసం ఆ బెర్తుకు తాళం పడుతుంది, రెండోవారికి మరో నంబరు వస్తుంది. మధ్యలో లైను తెగితే సగం టికెట్ అంటూ ఉండదు: పనంతా పూర్తి కావాలి, లేదా అసలు జరగనట్టే లెక్క.

1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ కలిశాయి. 2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ బుకింగ్ తెచ్చింది. మొదట్లో టికెట్ కొరియర్లో ఇంటికొచ్చేది. ఇప్పుడు ఫోన్లోనే ఉంది.

అయినా పోర్టులో పనికొచ్చిన కూలీ ఈరోజుకీ పక్కవాడిచేత ఫారం నింపించుకుని, మడతపెట్టిన నోట్లు కిటికీలోంచి అందించి టికెట్ తీసుకుంటాడు. అతనికీ మన ఫోనుకీ బెర్తులిచ్చేది ఆ ఒక్క లెక్కే. ఫోన్లొచ్చాయని ఆ కిటికీలు తగ్గించవద్దని రైల్వేవారికి నా విన్నపం.