క్యాంపు పరుపు

ఆరుబయట పడుకునేటప్పుడు ఒంటికీ నేలకూ మధ్య వేసుకోవడానికి, చుట్టి వీపున మోసుకుపోవడానికి వీలుగా ఉండే పలుచని పరుపును క్యాంపు పరుపు అంటారు. దుకాణాల్లో దీన్ని స్లీపింగ్ ప్యాడ్, స్లీపింగ్ మ్యాట్, ట్రెక్కింగ్ మ్యాట్ అనే పేర్లతో అమ్ముతారు. నేల గట్టిదనం తుంటికీ భుజానికీ తగలకుండా చూడడం, కింది చెమ్మ పక్కబట్టలకు ఎక్కనీయకపోవడం, చలి ప్రాంతంలో ఒంటి వేడిని నేల లాగేసుకోకుండా ఆపడం దీని పనులు. మంగళగిరి చుట్టుపక్కల గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మొదటి రెండు పనులే ముఖ్యం. ఖరీదైన పరుపుల్లో మనం ఎక్కువ డబ్బు పెట్టేది మూడో పనికి. తక్కువ ఖర్చులో మంచి పరుపు ఎంచుకోవాలనుకునే వారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

మైదానంలో ఆరుబయటి నిద్ర

సరదా కోసం గుడారం వేసుకోవడం ఈ ప్రాంతానికి కొత్తేగానీ, ఆరుబయట నిద్ర కొత్త కాదు. మిరప కోతలు మొదలైనప్పటి నుంచి ఎండాకాలం దాకా రైతులు కల్లాల్లో కాయ ఆరబోసి రాత్రిళ్లు కాపలా పడుకుంటారు. దొంగల భయం ఒకటి, అకాల వర్షం భయం ఒకటి. చినుకు పడగానే లేచి కుప్పల మీద పట్టలు కప్పాలి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చి, అమ్మకం అయ్యేదాకా టిక్కీల (మిర్చి బస్తాల) పక్కనే పడుకునే రైతులూ ఉంటారు. ఫాల్గుణ మాసంలో మంగళగిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలకూ, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకూ వచ్చే జనంలో చాలామంది రాత్రిని నేల మీదే గడుపుతారు. 2016 ఆగస్టులో 12 రోజులు జరిగిన కృష్ణా పుష్కరాలకు వచ్చినవారూ అంతే. మళ్లీ ఆ పుష్కరాలు 2028లో వస్తాయి.

వీళ్లందరి పడక ఒకే పద్ధతిలో ఉంటుంది. అడుగున పట్ట, లేదా విప్పి పరిచిన గోతాలు. దాని మీద తుంగచాపో ఈతచాపో. ఆ పైన పాత చీరలు కలిపి కుట్టిన బొంత, లేదా జంపఖానా. కాస్త సౌకర్యం కావాలనుకుంటే గోతాల కింద వరిగడ్డి పరుస్తారు. పట్ట చెమ్మను ఆపుతుంది, గడ్డి మెత్తదనం ఇస్తుంది, చాప గాలి ఆడనిస్తుంది, బొంత చెమట పీల్చుకుంటుంది. ఒక్కో పొరకు ఒక్కో పని. ఆధునిక క్యాంపు పరుపు ఈ పనుల్లో కొన్నిటిని ఒకే వస్తువులోకి తెచ్చిందేగానీ, అన్నిటినీ తేలేదు. అందుకే దాన్ని కొన్నాక కూడా పట్టనూ దుప్పటినీ ఇంట్లో వదిలి వెళ్లకూడదు.

బొంతకు బరువు పెద్ద లోటు, తడి అంతకన్నా పెద్ద లోటు. మామూలు గాలిలో ఉన్నప్పుడే నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టి ఉంచుతుంది. మంచు పడే రాత్రి తెల్లారేసరికి బొంత చల్లగా, బరువుగా తయారవుతుంది. ఎండలో వేస్తేగానీ ఆరదు. ఎడ్లబండిలోనో ట్రాక్టరులోనో వేసుకుపోయే కల్లానికి అది పనికొస్తుంది, నడిచి వెళ్లే దారికి పనికిరాదు. ఇదే కారణంగా దూదేకులవారు ఏకి కుట్టిన మంచి పత్తి పరుపు కూడా ఇంటికే పరిమితం.

వేడి ఎలా పోతుంది

పక్కబట్టలు వెచ్చగా ఉంచేది వాటిలో చిక్కుకున్న కదలని గాలి. ఒంటి బరువు పడిన చోట దుప్పటి అణగిపోయి ఆ గాలి బయటకు పోతుంది. అందుకే ఎంత మందపు రగ్గు కప్పుకున్నా వీపు వైపు చలి ఎక్కుతుంది. అణగని పదార్థం కింద ఉంటేనే ఆ చలి ఆగుతుంది. నీరు కదలని గాలి కన్నా 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, తడిసిన పక్క పొడి నేల కన్నా అన్యాయం.

పరుపు ఎంత వేడిని ఆపగలదో ఆర్ విలువతో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ వెచ్చదనం పెరుగుతుంది. ఒకప్పుడు ఒక్కో కంపెనీ తనకు నచ్చిన పద్ధతిలో కొలిచేది. 2018లో ఏఎస్‌టీఎమ్ ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక పరుపులను ఒకదానితో ఒకటి పోల్చడం సాధ్యమైంది. వేడి పలకకూ చల్లని పలకకూ మధ్య పరుపును ఉంచి, వేడి పలకను అదే వేడిమిలో నిలపడానికి ఎంత విద్యుత్తు అవుతుందో కొలుస్తారు. ఒక సెంటీమీటరు మందపు మంచి ఫోమ్‌కు సుమారు 1.5 ఆర్ విలువ వస్తుంది. మంచు కొండల మీదికి వెళ్లేవారికి 5 దాటినది కావాలి. రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు విలువలూ కలిసిపోతాయి. తక్కువ డబ్బుతో పని జరుపుకోవాలనుకునే వారికి ఈ కూడిక పెద్ద వరం.

మంగళగిరిలో మే నెల పగళ్లు 45 డిగ్రీల దరిదాపులకు పోతాయి, రాత్రి కూడా నేల వేడి కక్కుతూనే ఉంటుంది. డిసెంబరు, జనవరిలోనూ ఇక్కడి రాత్రి చలి ఒక దుప్పటితో ఆగేదే. ఇలాంటి చోటికి 4 ఆర్ విలువ గల పరుపు కొనడం డబ్బు వృథా. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి మాటే వేరు. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉండే ఆ ఊళ్లో శీతాకాలపు రాత్రిళ్లు వేడిమి పది డిగ్రీల కిందికి జారిపోతుంది. కోస్తా నుంచి శీతాకాలంలో గుడారాల కోసం వెళ్లేవారిలో చాలామంది లంబసింగికో, అరకుకో, పాడేరు దగ్గరి వంజంగికో పోతారు. మైదానపు అలవాటుతో ఒక్క చాప పట్టుకుని అక్కడికి వెళితే నిద్ర పట్టదు.

రకాలు

అన్నిటికన్నా చవకైనదీ, మొదటిసారి కొనేవారికి సరైనదీ మూసుకున్న గదుల ఫోమ్ చాప. పాలిథిలీన్‌తోగానీ ఈవీఏతోగానీ చేస్తారు. లోపలి బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు చొరబడదు. చుట్టచుట్టే రకం, మడతలు పెట్టే రకం రెండూ దొరుకుతాయి. బరువు సాధారణంగా అర కిలోకు లోపే. ముల్లు గుచ్చుకున్నా, నిప్పురవ్వ పడి చిన్న చిల్లు పడ్డా పని ఆగదు. కల్లంలో వేస్తే అంటుకున్న కారం దుమ్మును తడిగుడ్డతో తుడిచేయవచ్చు. పలుచన కావడం వల్ల పక్కకు తిరిగి పడుకునే వారికి తుంటి నొప్పి పెట్టడం, చుట్టినా లావుగా ఉండి సంచి బయట కట్టుకోవలసి రావడం దీని లోపాలు. ధర కొన్ని వందల రూపాయల్లోనే ఉంటుంది. గాలి నింపే మంచి రకాలు వేలల్లోకి పోతాయి.

దీనికి చుట్టంలాంటిది యోగా మ్యాట్. చాలా ఇళ్లలో ఉంటుంది గనుక ముందు దాన్నే వాడి చూడడం మంచిదే. సాధారణంగా 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, అందులోనూ పీవీసీతో చేసినది మందానికి మించి బరువు తూగుతుంది. మైదానంలో ఒక రాత్రికి సరిపోతుంది.

స్పాంజి షీటును మాత్రం క్యాంపుకు కొనకూడదు. పరుపుల దుకాణంలో చేత్తో నొక్కితే ఫోమ్ చాప కన్నా మెత్తగా, హాయిగా అనిపిస్తుంది. కానీ దాని బుడగలన్నీ తెరుచుకుని ఉంటాయి. నీటిని పీలుస్తుంది, ఒంటి కింద పూర్తిగా అణగిపోతుంది. ఏది ఏదో తెలియకపోతే చిన్న ముక్కను నీళ్లలో ముంచి పిండి చూడాలి. నీరు కారితే అది స్పాంజి.

తనంతట తానే గాలి నింపుకునే పరుపు 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టింది. బోయింగ్‌లో ఉద్యోగాలు పోయిన ఇంజనీర్లు జిమ్ లీ, నీల్ ఆండర్సన్‌లు జాన్ బరోస్‌తో కలిసి థర్మరెస్ట్ పేరుతో దాన్ని తయారుచేశారు. గాలి చొరబడని తొడుగు లోపల స్పాంజి ఉంటుంది. మూత తిప్పగానే స్పాంజి వ్యాకోచించి గాలిని లోపలికి లాక్కుంటుంది. మెత్తదనం, వెచ్చదనం రెండూ బాగుంటాయి. చవక కాదు.

గాలి పరుపుల్లో రెండు తెగలున్నాయి. పర్వతారోహకులు వాడేవి అరచేతిలో పట్టేంతగా మడతపడతాయి, ఖరీదు ఎక్కువ. ఇళ్లలో చుట్టాలు వస్తే వేసే పీవీసీ గాలి పరుపులు చవకే, కానీ మోయలేనంత బరువు. లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి చలిలో వీపును చల్లబరుస్తాయి కూడా. ఈ మైదానంలో వాటికి అసలు శత్రువు ముల్లు. సర్కారు తుమ్మ, రేగు, పల్లేరు లేని బీడు ఇక్కడ దొరకడం కష్టం. సైకిల్ ట్యూబుకు వేసే సొల్యూషన్ రబ్బరుకు అంటినట్టు పీవీసీకి అంటదు, కాబట్టి దానికి సరిపడే అతుకు ముందే సంచిలో ఉండాలి. నిండా గాలి కొట్టిన పరుపును ఎండలో వదిలితే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు ఊడతాయి.

కారులో వెళ్లేవారికి మడతమంచం ఉంది. నులకమంచం, నవారు మంచం వాడిన ప్రాంతానికి దాని సుఖం వేరే చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో కింద నుంచి గాలి తగలడమే దాని గొప్ప. లంబసింగిలో అదే గాలి చలిని మోసుకొస్తుంది, కాబట్టి అక్కడ మంచం మీద కూడా ఫోమ్ చాప వేయాలి.

పాములు, తేళ్లు

క్యాంపు పరుపుల గురించి రాసే విదేశీ పుస్తకాల్లో ఈ సంగతి తక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం మెత్తదనం కన్నా ముందు దీన్నే ఆలోచించాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవారిని కాటేస్తుంది. నొప్పి అంతగా ఉండదు, గాటు సరిగా కనిపించదు. కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి అందకపోవడం దాని లక్షణాలు. పొలాల గట్ల మీద రక్తపింజరి, రాళ్ల కింద తేళ్లు ఉంటాయి.

నేల మీద పరిచే ఏ పరుపూ వీటిని ఆపదు. దోమతెర ఆపుతుంది, అదీ అంచులను పరుపు కిందికి చుట్టూ దోపితేనే. అందుకోసం పరుపు వెడల్పు చూడాలి. చవక చాపలు చాలావరకు 50 సెంటీమీటర్ల వెడల్పే ఉంటాయి. అంత ఇరుకైన దాని మీద దొర్లితే తెర ఊడిపోతుంది. 60 సెంటీమీటర్లు, లేదా రెండు చాపలు పక్కపక్కన వేయడం మేలు. జిప్పు మూసిన గుడారం ఉంటే ఈ పని అదే చేస్తుంది, జిప్పు తెరిచి ఉంచకూడదు అంతే. కల్లాల్లో గోతాల కుప్పలకూ గడ్డివాములకూ ఆనుకుని పడుకోకూడదు. ఎలుకలు చేరే చోటికి పాములు వస్తాయి. కాటు పడిందన్న అనుమానం కలిగినా గాటు కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం చేయకుండా, కాలో చెయ్యో కదలనివ్వకుండా, వెంటనే 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

కొనేటప్పుడు

దుకాణంలో నిలబడి నొక్కి చూస్తే పరుపు సంగతి తెలియదు. వీలైతే గచ్చు మీద పరిచి, ఎలా పడుకునే అలవాటుందో అలా పది నిమిషాలు పడుకోవాలి. వెల్లకిలా పడుకునేవారికి సెంటీమీటరు మందం చాలు. పక్కకు తిరిగేవారికి తుంటి నేలను తాకుతుంటే ఇంకో పొర కావాలి, కొత్తది కొనకపోయినా తుంటి భాగం కింద మడిచిన దుప్పటి పెట్టుకోవచ్చు. పొడవు తల నుంచి మడమల దాకా రావాలి. పిల్లలకూ పొట్టివారికీ తక్కువ పొడవు చాలు, మోసే బరువూ తగ్గుతుంది.

ఫోమ్ నేరుగా ఒంటికి తగిలితే మైదానపు వేడిలో చెమట పడుతుంది. పైన నూలు దుప్పటో తుంగచాపో తప్పనిసరి. మంగళగిరి మగ్గాల మీద నేసే పలుచని నూలు బట్ట ఈ పనికి ఎంతో హాయిగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది.

నేలను కూడా ఎంచుకోవాలి. నల్లరేగడి ఎండితే పగుళ్లు తీస్తుంది, తడిస్తే ఊబిలా పట్టుకుంటుంది. వానపడే సూచన ఉంటే రేగడి చేలో పక్క వేయకూడదు, గరపనేలో రాతినేలో వెతకాలి. సూర్యలంక సముద్రతీరపు ఇసుకలో తుంటికి, భుజానికి చిన్న గుంటలు తీసి పైన చాప పరిస్తే ఖరీదైన పరుపంత సుఖం వస్తుంది. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమలలో శ్రీశైలం నడిచే భక్తులకు రాతినేల ఎక్కువ, మోసే బరువు ముఖ్యం. అక్కడికి మడత ఫోమ్ చాప ఒక్కటే తగినది. అది పులుల అభయారణ్యం, మిగతా రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి బస చేయకూడదు.

లంబసింగి, అరకుల్లో గుడారాలు అద్దెకిచ్చేవారు పరుపు కూడా ఇవ్వడం మామూలే. డబ్బు కట్టకముందే దాన్ని చేత్తో తడిమి చూడాలి. చెమ్మగా ఉన్నా, స్పాంజి అయినా మార్చమనాలి.

మంగళగిరి నుంచి మొదటిసారి క్యాంపుకు బయలుదేరే కుటుంబానికి మనిషికొకటి చొప్పున సెంటీమీటరు మందపు ఫోమ్ చాప, అందరికీ కలిపి ఒక పట్ట, దోమతెర చాలు. లంబసింగికి వెళ్లే ఏడాది పక్కింటివారి చాపలు కూడా అడిగి తీసుకుని రెండేసి పరచండి, వేలు పోసి కొత్త పరుపు కొననక్కర్లేదు.