సాక్చి సీమలో భూతభయము

1908లో ఉక్కు కర్మాగారమునకు పని మొదలిడు నాటికి సాక్చి సువర్ణరేఖా తీరమందలి చిన్న పల్లె. 1919లో జంషెడ్‌పూర్ అను పేరు వచ్చినను, పాత పేరొక పేటకు నిలిచినది.

ఆ చోటానాగపూర్ సీమలో జ్వరము వచ్చినను, పశువు చచ్చినను భూతము పనియే, కానిచో మంత్రగత్తె పనియే! ఓఝా పేరుపెట్టిన స్త్రీకి ఊర నిలువ నీడ లేదు.

1845లో రాంచీ చేరిన గోస్నర్ మిషను బోధకులకు అయిదేండ్ల వరకు ఆ ప్రజలలో శిష్యులు దొరకలేదు. 1850 జూన్ 9న నలుగురు ఉరాఁవులు బాప్తిస్మము పొందిరి. భూతములకన్న బలవంతుడగు ప్రభువు తోడున్నాడను ధైర్యము తరువాత అనేకులను ఆకర్షించెను. భూమి తగాదాలలో అండ దొరకునను ఆశయు లేకపోలేదు.

అయినను మంత్రగత్తెయను నింద ఆ సీమను వీడలేదు. బీహారు 1999లో దానిపై చట్టము చేయవలసి వచ్చినది. 1995లో సరాయికేలా ప్రాంతమున ఆ నింద మోసి ఇల్లు వెడలిన శ్రీమతి చుట్నీ మహతో, తనవంటి స్త్రీలకు అండయై, 2021లో పద్మశ్రీ పొందిరి.