చుట్ట కథ

మదనపల్లెలో మా తాత చుట్టలు కొనేవాడు కాదు. పొగాకు కొని తానే చుట్టుకునేవాడు. ఎండిన ఆకుపై నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక నడిమి ఈనె తీసేవాడు. చిన్న ముక్కలను పొడవునా పేర్చి, మంచి ఆకును వాటిపై ఏటవాలుగా చుట్టేవాడు. బిగువెక్కువైతే పొగ రాదు, తక్కువైతే త్వరగా కాలిపోతుంది. ఆ కొలత వేళ్ళకే తెలియాలి.

క్యూబా సిగారులో లోపలి ఆకుకూ పై ఆకుకూ నడుమ కట్టుడు ఆకు ఒకటుంటుంది, నోటి కొనకు టోపీ అతికిస్తారు. మన చుట్ట అంతకంటే సాదా; రెండు కొనలూ తెరిచే ఉంటాయి. చుట్టడం వల్లనే దానికా పేరు. పొరుగున అరవంలోనూ అంతే: సురుట్టు. ఆంగ్లేయులు దాన్నే చెరూట్ అన్నారు.

పొగాకు మాత్రం మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువారి ద్వారా ఇక్కడికొచ్చింది. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ దాన్ని బిజాపూరు నుంచి అక్బరు కొలువుకు తీసుకెళ్ళాడు. అంటే, ఉత్తరాది పాదుషాకు వింతైన ఆకు అప్పటికే దక్కనులో దొరుకుతోంది.

నాలుగు శతాబ్దాల ఈ పరిచయానికి మూల్యం ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, ఇదే చుట్టను నిప్పు నోటి లోపలికి ఉంచి తాగే అలవాటుంది. దాన్ని అడ్డపొగ అంటారు. అక్కడ 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన అధ్యయనం, ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని చూపింది.

తాత వేళ్ళ నేర్పు తలచుకున్నప్పుడల్లా, తెల్లవారుజామున ఆయన దగ్గూ వినిపిస్తుంది. చుట్ట చరిత్ర రాసేవారు ఆ రెంటిలో దేన్నీ విడువరాదు.