నది నీళ్ళు, మన రంగు తొట్లు



వార్షికోత్సవ సంచికకు చరిత్ర ఏదైనా రాసివ్వమని అడిగారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. సొసైటీ కార్యదర్శిగా నూలు లెక్క, కూలి లెక్క, తీర్మానాల పుస్తకం రాయడం వచ్చు గానీ చరిత్ర రాసే చెయ్యి కాదు మాది. అయినా ఒక సంగతి మనసులో చాలా ఏళ్ళుగా ఉంది. అది నీళ్ళ సంగతి.

నేత గురించి చెప్పమంటే అందరం నూలు ధర చెబుతాం, సరిగె ధర చెబుతాం. నీళ్ళ మాట ఎత్తం. పచ్చి నూలు ఉడకబెట్టాలంటే నీళ్ళు. రంగు అద్దాలన్నా, అద్దిన చిలపలు జాడించాలన్నా, పడుగుకు గంజి పెట్టాలన్నా నీళ్ళే. భావనారుషి తామర తూడు నుండి నూలు తీసి దేవతలకు బట్టలు నేశాడని పద్మశాలీల పురాణం. ఆ తామర కూడా నీళ్ళలో పుట్టిందే కదా.

మా రాయచూరు జిల్లాకు పైన కృష్ణ, కింద తుంగభద్ర. రెండు నదుల మధ్య నేల కాబట్టి దోఆబ్ అన్నారు. 1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయి ఎడమ గట్టు కాలువ వచ్చాక సింధనూరు, మాన్వి వైపు వరి పండింది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు క్యాంపులు కట్టుకున్నారు. 1956 దాకా మేము హైదరాబాదు రాష్ట్రం, ఆ తర్వాత మైసూరు, 1973 నుంచి కర్ణాటక. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. రాష్ట్రం పేరు ఎన్నిసార్లు మారినా తాగిన నీళ్ళు మాత్రం ఆ రెండు నదులవే.

1974 నాటి చట్టం

నీళ్ళు పాడుచేయకూడదని మన దేశంలో మొదటి పెద్ద చట్టం 1974లో వచ్చింది. నీటి కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం అంటారు. నీళ్ళు రాష్ట్రాల పరిధిలోని విషయం కనుక పార్లమెంటు తనంతట తాను చేయడానికి వీల్లేదు. 12 రాష్ట్రాలు మాకు ఈ చట్టం కావాలని తీర్మానం చేశాకే చేసింది. ఆ 12లో కర్ణాటక ఒకటి. అదే ఏడు రాష్ట్రంలో కాలుష్య మండలి కూడా ఏర్పడింది.

ఈ చట్టంలో మనవాళ్ళకు ఎవరూ చెప్పని మాటలు మూడున్నాయి. మండలి ఏ ఫ్యాక్టరీకి ఏ షరతుల మీద నీళ్ళు వదిలే అనుమతి ఇచ్చిందో ఒక రిజిస్టరులో రాయాలి. ఆ నీళ్ళ వల్ల బాధపడేవాళ్ళు వెళ్ళి దాన్ని చూడొచ్చు. ఇది మొదటిది. రెండోది, మండలికి 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు మనిషి కూడా కోర్టులో ఫిర్యాదు చేయొచ్చు. ఇది 1988 సవరణతో వచ్చింది. మూడోది, మండలిలో ముగ్గురి దాకా అనధికారులను ప్రభుత్వం నియమించవచ్చు. వ్యవసాయం, చేపల పని, పరిశ్రమ, వ్యాపారం, ఇంకా ప్రభుత్వానికి తగినదని తోచిన ఏ వర్గం తరఫునైనా సరే. ఆ 'ఏ వర్గమైనా' అన్న మాటలో నేతపనివాళ్ళం కూడా పడతాం. ఇన్నేళ్ళలో ఆ కుర్చీ మనకూ ఇవ్వండని మా సొసైటీ ఒక్క అర్జీ కూడా పెట్టలేదు. అది మా తప్పే.

హరిహర్ దగ్గర మాట్లాడినవాళ్ళు

మాకు ఎగువన, డ్యామ్‌కు కూడా ఎగువన, రాణిబెన్నూరు తాలూకా కుమారపట్నంలో 1970లలో హరిహర్ పాలీఫైబర్స్ వచ్చింది. నీలగిరి కట్టె నుంచి గుజ్జు తీసి రేయాన్ పోగుకు ముడిసరుకు చేసే మిల్లు. ఆ మిల్లు నీళ్ళు తుంగభద్రలో కలిశాక నది రంగు మారిందని, చేపలు చచ్చాయని, ఒంటికి దద్దుర్లు వస్తున్నాయని దిగువ ఊళ్ళవాళ్ళు 1980లలో మొరపెట్టారు. చేపలు పట్టి బతికేవాళ్ళకు పని పోయింది.

అప్పుడు ఎస్.ఆర్. హిరేమఠ్ గారు, వారి సమాజ పరివర్తన సముదాయం, ఊళ్ళ జనం కలిసి అర్జీల మీద సంతకాలు పెట్టించారు, నిరసనలు చేశారు, కోర్టు మెట్లు ఎక్కారు. అమెరికాలో ఉద్యోగం వదులుకుని తిరిగొచ్చిన మనిషి ఆయన. ఒక్క రోజులో అయిన పని కాదది. ఏళ్ళు పట్టింది. నది పూర్తిగా బాగుపడిందని కూడా చెప్పలేం. కానీ నీళ్ళ శుద్ధి మీద మిల్లు డబ్బు పెట్టక తప్పలేదు. చదువులేని జాలరివాళ్ళు, చిన్న రైతులు నోరు తెరిచినందుకే ఆ మాత్రం జరిగింది. వాళ్ళు కొట్లాడిన నీళ్ళే డ్యామ్ దిగి మా మాన్వి, రాయచూరు దాకా వస్తాయి. వాళ్ళ కష్టంలో మా దాహం కూడా ఉంది.

మా సంతకం కథ

ఇక మా సంగతి. కొత్త ఫ్యాక్టరీ పెట్టేముందు ప్రజల అభిప్రాయం అడగాలన్న నిబంధన 1997లో వచ్చింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ జిల్లా కలెక్టరో, వారి తరఫున పై స్థాయి అధికారో నడపాలి. జనం అన్న ప్రతి మాటా రాసుకోవాలి.

పదేళ్ళు దాటిన మాట. మా వైపు ఒక ఫ్యాక్టరీ వస్తుందన్నారు. పేరెందుకు లెండి. ఒకాయన సొసైటీ ఆఫీసుకు వచ్చి ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. "మీ సంఘం మద్దతు అని సంతకం చేయండి సార్, మీ పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి" అన్నాడు. మగ్గాల మీద కూలి గిట్టక పిల్లలు ఊరు విడిచి పోతున్న రోజులు. కమిటీని పిలవలేదు, ఎవరినీ చదవమనలేదు. సంతకం చేసి రబ్బరు స్టాంపు వేసి ఇచ్చాం.

సభ రోజు షామియానా కింద ముందు వరసలో కూర్చున్నాం. ఒక పెద్ద రైతు లేచి ఆ నీళ్ళు హళ్ళంలో కలిస్తే మా పొలాల గతేంటని అడిగాడు. అడిగి మా వైపు తిరిగాడు. "నేతోళ్ళు సంతకం పెట్టారంట. వాళ్ళెందుకు అడుగుతారు? వాళ్ళ రంగు నీళ్ళు ఎక్కడికి పోతాయో అడగండి" అన్నాడు. తల ఎత్తలేకపోయాం. నాఫ్తాల్, హైడ్రోస్, కాస్టిక్ సోడా కలిసిన నీళ్ళు ముప్పై ఏళ్ళుగా అదే హళ్ళంలోకి వదిలినవాళ్ళం. రంగు షెడ్డు పక్క బావి ఎర్రబడితే పూడ్చి, బోరు వేయించుకున్నాం. ఎందుకు ఎర్రబడిందని ఒక్కరం అడగలేదు. ఆ ఫ్యాక్టరీ వేరే కారణాలతో రాలేదు గానీ ఆ రైతు మాట మాత్రం మాతోనే ఉండిపోయింది.

ఆ తర్వాత షెడ్డు వెనక మూడు గుంటలు తవ్వించాం. సున్నం, పటిక వేసి రంగు కిందికి దిగనిచ్చి, ఇసుక గుంటలో వడకట్టి వదులుతున్నాం. మడ్డిని సిమెంటు గుంటలో వేరుగా పెడుతున్నాం. రంగు చాలావరకు పోతుంది, ఉప్పు మాత్రం పోదు. అది ఒప్పుకోవాలి. 1990లలో ప్రభుత్వం నిషేధించిన ఆజో రంగులు ఎవరు చౌకగా తెచ్చినా వద్దంటున్నాం.

ఇదంతా మనకు సంబంధించినది కాదు అనుకునేవాళ్ళు తిరుప్పూరు చూడాలి. నొయ్యల్ నదిలోకి అద్దకం నీళ్ళు ఆగడం లేదని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. వందల షెడ్లకు ఒకేసారి తాళం పడింది. పెద్దవాళ్ళు తట్టుకున్నారు, కూలివాళ్ళు వీధిన పడ్డారు.

మన భాషలో అడిగే హక్కు

2018లో కేంద్ర కాలుష్య మండలి దేశంలో 351 చోట్ల నదులు పాడయ్యాయని లెక్క తేల్చింది. కర్ణాటకలో 17. వాటిలో కృష్ణ, తుంగభద్ర రెండూ ఉన్నాయి. నీళ్ళలోని మురికి ఎంత ప్రాణవాయువును తినేస్తుందో కొలుస్తారు. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు స్నానానికి కూడా పనికిరానట్టు. హరిత ట్రిబ్యునల్ ఆ ఏడే అన్ని రాష్ట్రాలను నదులు బాగుచేసే ప్రణాళికలు వేయమంది. తర్వాత నాలుగేళ్ళు తిరగకముందే, 2022 మే నెలాఖరులో, రాయచూరు నగరంలోనే కుళాయి నీళ్ళు కలుషితమై మనుషులు చనిపోయారు. ఎంతోమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. నది ఒడ్డు జిల్లాలో నీళ్ళు తాగి చావడం అంటే ఏం చెప్పాలి?

2020లో కేంద్రం ప్రజాభిప్రాయం నిబంధనలు మార్చడానికి ముసాయిదా తెచ్చి, అభ్యంతరాలుంటే చెప్పమంది. ముసాయిదా ఉన్నది ఇంగ్లీషు, హిందీలో. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న చెప్పింది. స్థానిక భాషల్లో సరిగా ప్రచారం కాలేదని ఆగస్టులో కర్ణాటక హైకోర్టు తుది నోటిఫికేషన్‌ను ఆపింది. ఆ 22లో మన తెలుగు ఉంది, కన్నడ ఉంది. చదవలేని కాగితం మీద సంతకం పెట్టిన మాకు ఆ తీర్పులు చెంపదెబ్బలా తగిలాయి. మా భాషలో ఇస్తేనే చేస్తామని ఆ రోజు మేమూ అనవలసింది.

సమాఖ్యకు మా మనవి. ప్రతి సొసైటీ తన రంగు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ముందు తీర్మానాల పుస్తకంలో రాయాలి. కాలుష్య మండలి నోటీసులను చదివి తెలుగులో, కన్నడలో చెప్పడానికి జిల్లాకు ఒక చదువుకున్న పిల్లనో పిల్లవాడినో పెట్టాలి. మండలిలో నేతపనివాళ్ళకు ఒక కుర్చీ ఇవ్వమని ప్రభుత్వానికి అర్జీ పెట్టాలి. మన గుంట కడుక్కున్నాక మనం అడిగితే ఆ రైతులాంటివాళ్ళు మన పక్కనే నిలబడతారు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మా సొసైటీ తరఫున ఈ మూడు తీర్మానాలూ పెడుతున్నాం. ఈసారి కాగితం తెలుగులోనే ఉంటుంది. అందరూ చదివాకే సంతకం.