ఒకే పరీక్ష, రెండు బడులు: చెక్ దేశంలో రోమా ప్రజల సమానహక్కుల చరిత్ర

వ్యాససంగ్రహం

ఐరోపాలోని అతిపెద్ద అల్పసంఖ్యాక జాతిసమూహమైన రోమా ప్రజలు శతాబ్దాలుగా వెలివేతకు గురయ్యారు. 1927 నాటి నమోదు చట్టం నుంచి 2007 నాటి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం తీర్పు వరకు చెక్ దేశంలో ఆ వెలివేత ఏయే రూపాలు ధరించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అందరికీ ఒకే నియమాన్ని వర్తింపజేయడమే సమానత్వం అవుతుందా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: రోమా, సంచారజాతులు, పరోక్షవివక్ష, ప్రత్యేక పాఠశాలలు, సామాజిక సమ్మిళితత్వం.

1. ఉపోద్ఘాతం

రోమానీ భాషలో నీరు 'పాని', మనిషి 'మనుష్', చెవి 'కన్'. ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెలకు మాత్రం గ్రీకు నుంచి వచ్చిన మాటలున్నాయి. భారతదేశం నుంచి బైజాంటైన్ నేలల మీదుగా ఐరోపాకు సాగిన ప్రయాణానికి ఈ పదజాలమే ఆధారం. 1780లలో రూడిగర్, గ్రెల్మన్ అనే జర్మన్ పండితులు ఈ భారతీయ మూలాన్ని చాటారు. రోమాలూ మన లంబాడాలూ ఒక్కటేనన్న అభిప్రాయం మన ప్రాంతంలోనూ వినిపిస్తుంది. రెండు భాషలూ ఇండో-ఆర్య కుటుంబానికి చెందినవే. అయితే భాషాకుటుంబం ఒకటైనంత మాత్రాన జాతి ఒకటని చెప్పలేం.

'జిప్సీ' అన్న మాట వారు ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటు నుంచి పుట్టింది. 1971 ఏప్రిల్ 8న లండన్ సమీపంలో ప్రారంభమైన తొలి ప్రపంచ రోమానీ మహాసభ, ఇతరులు పెట్టిన పేర్లను కాదని 'రోమా' అన్న స్వీయనామాన్ని ఎంచుకుంది. పేరును తామే నిర్ణయించుకోవడం హక్కుల పోరాటంలో తొలిమెట్టు.

2. నమోదు నుంచి నిర్మూలన వరకు

1927లో చెకోస్లొవేకియా 'సంచార జిప్సీల' చట్టం చేసింది. వేలిముద్రలతో కూడిన ప్రత్యేక గుర్తింపుపత్రాలు, మజిలీలపై పోలీసు నిఘా, అవసరమనుకుంటే పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం ఇందులోని అంశాలు. తెలుగు పాఠకులకు ఇవి కొత్తవి కావు. 1871లో మొదలై 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించిన నేరస్థజాతుల చట్టం ఎరుకల వంటి సమూహాలపై ఇటువంటి నిఘానే అమలు చేసింది. స్టువార్టుపురం సెటిల్‌మెంటు దాని ఫలితమే. వ్యక్తి చేసిన నేరాన్ని కాక పుట్టుకనూ జీవనవిధానాన్నీ అనుమానించడం ఈ రెండు చట్టాలకూ ఉమ్మడి లక్షణం.

చిట్టాలు రాసిన ప్రభుత్వం పోయినా చిట్టాలు మిగిలాయి. నాజీ ఆక్రమణకాలంలో, 1942లో, లెటీ, హోడోనిన్‌లలో రోమాల నిర్బంధ శిబిరాలు వెలిశాయి. లెటీలో కాపలా కాసినవారు చెక్ పోలీసులే. అక్కడ 300 మందికి పైగా చనిపోగా, అనేకమందిని ఔష్విట్జ్‌కు తరలించారు. యుద్ధానికి ముందు ఆ గడ్డపై ఉన్న రోమాలలో అత్యధికులు తిరిగి రాలేదు. 1970లలో లెటీ శిబిరస్థలం వద్ద పందుల పెంపకశాల నడిచింది. ప్రభుత్వం దానిని కొని, కూల్చి, స్మారకాన్ని తెరిచేసరికి 2024 వచ్చింది. స్మృతిలోనైనా సమానస్థానం దక్కడానికి పట్టిన కాలం అది.

3. విలీనమే విధానంగా

యుద్ధానంతరం స్లొవేకియా నుంచి అనేక రోమా కుటుంబాలు ఒస్ట్రావా వంటి పారిశ్రామిక నగరాలకు చేరాయి. సోషలిస్టు ప్రభుత్వం 1958లో సంచారజీవనాన్ని చట్టవిరుద్ధం చేసింది. ఉపాధి, నివాసం కల్పించిన మాట నిజమే. కాని వారి భాషకూ సంస్కృతికీ గుర్తింపు ఇవ్వక, వారిని ఒక సామాజిక సమస్యగా మాత్రమే చూసింది. చెక్ సరిగా రాని పిల్లలను స్వల్ప మానసిక వైకల్యం గలవారికోసం నెలకొల్పిన ప్రత్యేక పాఠశాలలకు పంపే అలవాటు ఈ దశలో స్థిరపడి, 1989 తరువాతా కొనసాగింది.

4. ఒస్ట్రావా కేసు

1996-1999 మధ్య ఇటువంటి పాఠశాలల్లో చేరిన ఒస్ట్రావాకు చెందిన 18 మంది రోమా పిల్లల తరఫున వేసిన కేసు స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానానికి చేరింది. పిటిషనర్లు సమర్పించిన లెక్కల ప్రకారం నగర ప్రాథమిక విద్యార్థుల్లో రోమాలు 2.26 శాతం, ప్రత్యేక పాఠశాలల్లో 56 శాతం. రోమా పిల్లల్లో 50.3 శాతం అక్కడ ఉండగా ఇతరుల్లో 1.8 శాతమే. అంటే రోమా బిడ్డ అక్కడికి చేరే అవకాశం దాదాపు 27 రెట్లు ఎక్కువ.

ప్రభుత్వ వాదన సరళమైనది: పరీక్ష అందరికీ ఒక్కటే, తల్లిదండ్రులు సంతకం చేశారు. 2006 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ వాదన వైపే మొగ్గింది. 2007 నవంబరు 13న విస్తృత ధర్మాసనం 13-4 ఆధిక్యంతో ఆ నిర్ణయాన్ని తిరగరాసింది. తటస్థంగా కనిపించే నియమమైనా ఒక జాతిపై అధికభారం మోపితే అది పరోక్షవివక్షే. దానికి దురుద్దేశాన్ని నిరూపించనక్కరలేదు. నమ్మదగిన గణాంకాలు ప్రాథమిక సాక్ష్యమవుతాయి. అధికసంఖ్యాకుల పిల్లలను దృష్టిలో పెట్టుకొని రూపొందించిన పరీక్ష రోమా బిడ్డ సామర్థ్యాన్ని కొలవలేదు. వివక్షకు గురికాకుండా ఉండే హక్కును తల్లిదండ్రుల సంతకం వదులుకోజాలదు.

తీర్పు వచ్చేసరికి ఆ పిల్లల బడివయసు దాటిపోయింది. ఒక్కొక్కరికి లభించిన పరిహారం 4,000 యూరోలు. 'ప్రత్యేక పాఠశాల' అన్న పేరు 2005 నాటికే చట్టం నుంచి తొలగింది. తరగతిగదిలోని విభజన మాత్రం పేరుతోపాటు పోలేదు. తీర్పు అమలును ఐరోపా మండలి ఏళ్లతరబడి పర్యవేక్షించవలసి రావడమే దీనికి నిదర్శనం.

5. ముగింపు

నిఘా, నిర్మూలన, విలీనం, సహాయం పేరిట విభజన: ఈ నాలుగు దశల తీవ్రత ఒకటి కాదు. నిర్మూలనను మిగిలినవాటితో ఒకే గాటన కట్టలేం. అయితే అన్నింటిలోనూ నిర్ణయం ఇతరులది, పర్యవసానం రోమాలది. సమ్మిళితత్వం అంటే ఉన్న బడిలో చోటివ్వడం మాత్రమే కాదు, ఆ బడి కొలమానాలను మార్చడం కూడా అని ఒస్ట్రావా తీర్పు స్థాపించింది.

ఈ అవగాహన మన పరిశోధనకూ అవసరం. 1952లో నేరస్థజాతుల చట్టం రద్దయింది. కాని ఇంట్లో లంబాడీనో ఎరుకలనో మాట్లాడి, బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో పరీక్ష రాసే బిడ్డ వెనుకబడినప్పుడు, లోపం బిడ్డదా, పరీక్షదా అన్న ప్రశ్నను మన విద్యాచరిత్ర అధ్యయనాలు ఇకనైనా గణాంకాలతో సహా చేపట్టవలసి ఉంది.