కోళ్ల ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్: వైరస్, టీకాల చరిత్ర

ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ కోళ్లలో గాలి ద్వారా అతివేగంగా వ్యాపించే వైరస్ జబ్బు. ఫారాల్లో దీన్ని ఐబి అంటారు. వైరస్ సోకిన 18 నుంచి 36 గంటల్లోనే తుమ్ములు, గురక, నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో షెడ్డంతా అదే చప్పుడు. ఇది కరోనావైరస్ కుటుంబానికి చెందినదే అయినా మనుషులకు సోకదు. వైరస్‌ను చంపే మందు లేదు. యాంటీబయాటిక్స్, వైరస్ వెనకాలే వచ్చే ఇ.కొలై వంటి బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి. అందుకే నియంత్రణ భారమంతా టీకా మీద, ఫారంలో తీసుకునే జాగ్రత్తల మీద పడింది. ఈ జబ్బు చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది: టీకా చేతికి వచ్చినంత మాత్రాన ఐబి లొంగలేదు. తమ ప్రాంతంలో తిరుగుతున్న వైరస్ ఏ రకమో తెలిసినచోటే టీకా పూర్తిగా ఉపయోగపడింది.

అమెరికాలోని నార్త్ డకోటాలో 1930లో కోడిపిల్లల్లో ఈ జబ్బు కనిపించింది. షాల్క్, హాన్ అనే శాస్త్రవేత్తలు 1931లో దాన్ని కొత్త శ్వాస వ్యాధిగా నమోదు చేశారు. 1937లో బోడెట్, హడ్సన్ ఈ వైరస్‌ను కోడిగుడ్లలోని పిండాల్లో పెంచగలిగారు. ఆ తర్వాత వచ్చిన టీకాలన్నీ ఈ పద్ధతి మీద నిలబడ్డవే. ఈలోగా పెద్ద కోళ్లలోనూ గుడ్ల దిగుబడి పడిపోతోందని తేలింది. దాంతో 1940ల్లో మసాచుసెట్స్‌లో వాన్ రోకెల్ బృందం సాహసోపేతమైన ఉపాయం పన్నింది. గుడ్లకు రాకముందే మందలో కొన్ని పెట్టలకు కావాలని జబ్బు అంటించి, దాన్ని మిగతావాటికి పాకనిచ్చేవారు. ఆ వయసులో సోకితే కోళ్లు త్వరగా కోలుకుని, గుడ్లు పెట్టే కాలానికి రక్షణ సంపాదించుకునేవి. కానీ అది బతికున్న అసలు వైరస్. పక్క ఫారంలోని పసి కోడిపిల్లలకు చేరితే నష్టం తప్పదు. ఈ ప్రమాదమే పదును తగ్గించిన టీకా కోసం వెతుకులాటను వేగిరపరిచింది.

నెదర్లాండ్స్‌లో, మసాచుసెట్స్ అని పేరుపడ్డ రకానికే చెందిన ఒక వైరస్‌ను గుడ్ల పిండాల్లో మళ్లీమళ్లీ పెంచి రెండు టీకాలు తయారుచేశారు: 52 సార్లు పెంచినది హెచ్52, 120 సార్లు పెంచినది హెచ్120. ఎన్నిసార్లు పెంచితే అంత మెత్తబడుతుంది, కానీ హద్దు దాటితే కోడిలో రక్షణ పుట్టించే శక్తీ పోతుంది. పిండాల్లో అతిగా పెరిగిన బోడెట్ రకం అలా టీకాగా పనికిరాకుండా పోయింది. హెచ్120 మెత్తదనానికి, రక్షణ శక్తికి మధ్య సరిగ్గా కుదిరింది. పసి కోడిపిల్లలకు కూడా వేయగలిగేంత సాధువు కావడంతో లోకమంతా పాకింది.

అయితే అప్పటికే ఒక హెచ్చరిక వచ్చింది. 1951లో కనెక్టికట్‌లో దొరికిన వైరస్‌కు, మసాచుసెట్స్ రకానికి మధ్య పరస్పర రక్షణ లేదని 1956లో యుంగర్ బృందం చూపింది. 1960ల్లో ఆస్ట్రేలియాలో మూత్రపిండాలను దెబ్బతీసే రకం బయటపడింది. 1990 ప్రాంతంలో బ్రిటన్‌లో 793బి, 1990ల మధ్యలో చైనాలో క్యూఎక్స్ వచ్చాయి. 1987లో పూర్తి జన్యుక్రమం చదివిన మొదటి కరోనావైరస్ ఐబి వైరసే, 27,608 అక్షరాలు. వైరస్ పైనున్న ముల్లు ప్రోటీన్‌లో, ముఖ్యంగా ఎస్1 భాగంలో వచ్చే మార్పులే రకాలను వేరుచేస్తున్నాయి. పైగా రెండు రకాలు ఒకే కోడిలో కలిస్తే జన్యుభాగాలు మార్చుకుని మూడోది పుట్టవచ్చు. క్యూఎక్స్ వంటి రకం తొలి వారాల్లో ఆడ కోడిపిల్లకు సోకితే గుడ్డువాహిక శాశ్వతంగా పాడవుతుంది. ఆ పెట్ట ఎర్రటి జుట్టుతో, నిండుగా మేత మేస్తూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పచ్చసొన మాత్రం కడుపులోకే జారిపోయి, గుడ్డు బయటకు రాదు. సోకిన నెలల తరువాత, మేత ఖర్చంతా అయిపోయాక గాని రైతుకు ఆ నష్టం తెలియదు.

మరి కొత్త రకం వచ్చినప్పుడల్లా కొత్త టీకా చేయాలా? అది సాధ్యం కాదన్న వాదన సబబే. దానికి బ్రిటన్‌కు చెందిన జేన్ కుక్ బృందం 1999లో సమాధానం చూపింది. మసాచుసెట్స్ రకం, 793బి రకం టీకాలను ఒకదాని తర్వాత ఒకటి వేస్తే, ఆ రెండిటికీ దూరమైన రకాల మీద కూడా చెప్పుకోదగ్గ రక్షణ వచ్చింది. రక్షణను కొలిచే పద్ధతి ముచ్చటైనది: కోడి శ్వాసనాళాన్ని పలుచని ఉంగరాల్లా కోసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. లోపలి సన్నని నూగు ఇంకా కదులుతుంటే టీకా పనిచేసినట్టు, ఆగిపోతే వైరస్ గెలిచినట్టు.

అలాగైతే అన్ని టీకాలూ కలిపి వేస్తే సరిపోదా అనవచ్చు. 2014లో వెలువడిన ఇటలీ అధ్యయనం దీనికి గట్టి జవాబు. 793బి టీకా వాడకం ఆపాక ఆ రకమే అక్కడి కోళ్లలో కనుమరుగైంది. అంటే అంతవరకు దొరుకుతున్నదాంట్లో ఎక్కువ భాగం టీకా వైరసే. అవసరం లేనిచోట సజీవ టీకా తేవడమంటే కొత్త వైరస్‌ను మనమే తెచ్చి పెట్టుకోవడం. టీకాలొద్దు, శుభ్రత చాలు అనే మాటా నిలవదు: గాలిలో ఇంత వేగంగా పాకే జబ్బును సున్నం, క్రిమిసంహారకాలు ఒంటరిగా ఆపలేవు. కానీ టీకా ఒక్కటీ చాలదు: వేర్వేరు వయసుల మందలను పక్కపక్కన పెంచితే వైరస్‌కు ఎప్పుడూ కొత్త పిల్లలు దొరుకుతూనే ఉంటాయి. అక్కడ టీకా ఎంత మంచిదైనా అలసిపోతుంది.

గుడ్ల ఉత్పత్తిలో ముందున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేయర్ ఫారాలకు, ఏ రకం తిరుగుతోందో తెలుసుకోవాలన్న ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. మన దేశంలో మసాచుసెట్స్ రకం టీకాలు ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి. 2016లో ప్రపంచ ఐబి వైరస్‌లను ఎస్1 జన్యువు ఆధారంగా 6 జన్యురూపాలు, 32 వంశాలుగా వర్గీకరించినప్పుడు, భారతదేశంలో దొరికిన వైరస్‌లకు జిఐ-24 అనే ప్రత్యేక వంశమే కేటాయించారు. పెంకు ముడతలు పడి, పగలగొడితే తెల్లసొన నీళ్లలా పరుచుకునే గుడ్లు టీకా వేసిన షెడ్డులో కనిపిస్తే, మళ్లీ అదే టీకా వేయడం కంటే ముందు శ్వాసనాళం, మూత్రపిండాల నమూనాలను ప్రయోగశాలకు పంపి ఎస్1 క్రమం చదివించడమే సరైన పని.